నాలుగో తీగ

గూడూరు నుంచి గిరిజ ఫోను:
"అక్కా, కిరణజన్య సంయోగక్రియ పాఠంలో
మీ వెనకాల ఎవరో పెసలు విసురుతున్నారు."

ఎవరూ లేరమ్మా, నా కంప్యూటరే.
పెట్టె వెనక ఫ్యాను. ఆరేళ్ళది.
కింద పరుపులు కుట్టే దుకాణం,
దూది నుసి మెట్లెక్కి వచ్చి
రెక్కల అంచున మీసంలా మొలిచింది.
బ్రష్షుతో దువ్వాను.
కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాను.
రెండు రోజులు బుద్ధిగా ఉండి
మూడో రోజు మళ్ళీ తిరగలి.

పుస్తకాలు చదివి పెట్టడం నా పని,
చూపులేని పిల్లలకి, పేజీకి ఇంతని.
కామా దగ్గర ఆగొచ్చు,
తీసిన ఊపిరి తర్వాత చెరిపేయొచ్చు.
ఆ గరగర మాత్రం అక్షరాల పొట్టలో దూరింది.
చెరిపితే 'స'లూ 'శ'లూ దాంతోపాటే పోతున్నాయి.
ఫ్యాను పీకేసి చదవబోతే
పది నిమిషాలకి యంత్రం
జ్వరమొచ్చి పడుకుంది.

మద్రాసు. కత్తిరి ఎండ.
చూళై బస్సులో ఒళ్ళో పాత ఫ్యాను,
కొంగున ముడేసిన నాలుగు మరలు.
మౌంట్‌రోడ్డులో దిగి రిచ్చీ స్ట్రీట్‌కి నడిచాను.
కాజా మొయిదీన్ కొట్టు
నా రెండు చేతులు చాపినంత.
నా తమిళం సగం తెలుగే.
"గాలి బాగా రావాలి" అన్నాను.
"కాలియా?" అన్నాడు పాతదాన్ని తిప్పి చూసి,
"కాలిదాన్, పూర్తిగా."
నేనడిగింది వీచేది,
అతనికి వినపడింది అయిపోయింది.
అర్థమయ్యాక ఇద్దరం నవ్వాం.

స్కేలు పెట్టాడు. నూట ఇరవై మిల్లీమీటర్లు.
ముందు ఏడు రంగుల దీపాలది తీశాడు.
చూసేవాళ్ళు లేరన్నా, వినేవాళ్ళే.
తర్వాతిది నిమిషానికి రెండు వేల చుట్లు,
బిల్లు పుస్తకం కాగితాలన్నీ లేచి నిలబడ్డాయి,
గాలి సరే, వెంట దోమల పెళ్ళి ఊరేగింపు.
నూట ఎనభైది నిలబెడితే మౌనం,
పడుకోబెడితే చిన్న దగ్గు.
"బుష్షు రకం. మొదటి ఏడాది బంగారం" అన్నాడు,
రెండో ఏడాది సంగతి నేనూ అడగలేదు.

చివరికి ఒక నల్లది, మూలలకి రబ్బరు చెవులు.
ఆటో హారన్లు, తోపుబండి కేకలు,
పక్కకొట్లో పరీక్షకి పెట్టిన స్పీకర్లు,
ఈ హోరులో నిశ్శబ్దాన్ని ఎలా ఎంచడం?
చెవి దగ్గరికి తెచ్చుకుంటుంటే ఆపాడు.
"ఇక్కడ చెవి పనికిరాదు. వేలు పెట్టి వినండి."

చట్రం మీద చూపుడువేలు ఆనించాను.
ముందువాటిలో చీమలు పాకాయి.
దీంట్లో ఏమీ లేదు,
నిద్రపోయే పిల్లి వీపు.

వెయ్యీ నూట యాభై.
నా లెక్కలో ముప్పై ఎనిమిది పేజీలు.
యాభై తగ్గించి
దూదికి అడ్డంగా జల్లెడ ముక్క ఊరికే ఇచ్చాడు.
"దీనికి నాలుగు తీగలు, మా బోర్డు మీద మూడే సూదులు."
"నాలుగోది గాలికి వదిలేయండి" అన్నాడు
ఈసారి శుద్ధ తెలుగులో.

రాత్రి బిగించాను.
చట్రం అంచున రెండు బాణాలు,
ఏది తిరిగే దిక్కో ఏది ఊదే దిక్కో తెలియలేదు.
చింపిన కాగితం ముక్క దగ్గర పెడితే
జాలీకి అతుక్కుపోయింది.
బయటికి ఊదమంటే లోపలికి పీలుస్తోంది.
విప్పి, తిప్పి, మళ్ళీ.
రబ్బరు చెవులే పట్టుకున్నాయి,
మరలు నాలుగూ సాసర్లో మిగిలాయి.

శ్వాసక్రియ పాఠం చదివాను ఆ రాత్రే.
మధ్యలో బల్లి పలికింది,
ఇన్నాళ్ళూ అది ఈ గదిలోనే ఉందని తెలియదు.

మర్నాడు గిరిజ:
"ఇల్లు మారారా అక్కా?"
లేదే.
"మరి మీ గదేదీ, ఈ పాఠంలో?"

ఏం చెప్పాలో తోచక
తొమ్మిదో పాఠం రేపు పంపుతానన్నాను.
పాత ఫ్యాను కిటికీలో ఉంది.
మెరీనా వైపు నుంచి సాయంత్రం ఏదైనా వీస్తే
ముప్పావు చుట్టు తిరిగి
ఆగుతుంది.